కోతకు ముందు వెయ్యాల్సిన మాత్ర

ఆయన పోయారని వార్డు సిస్టరు ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీద కాదు, చావు మీదా కాదు. ఫోన్ పెట్టేసే ముందు ఆవిడ ఒక మాటంది, దాని మీద.

"నల్లబడిపోయిన చర్మానికి కూడా ఆ మాత్రతో ప్రాణం పోసేవోరండి మేడమ్. అలాంటి డాక్టరు గారు మళ్ళీ రారండి."

నేను "ఊఁ" అన్నాను. మనిషి పోయిన పూట ఆవిడతో వాదన పెట్టుకుంటానా? ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీద చూపించాను నా కోపం. సాయంత్రానికి మా ఆసుపత్రి వాట్సాప్ గ్రూపు నిండా అదే మాట. ఒకరు రాస్తే పదిమంది దాని కింద దండం పెట్టే చేతులు. ఏ మాటని ఆయన కాదు మొర్రో అని మొత్తుకున్నారో, సరిగ్గా ఆ మాటే ఆయన గొప్పతనమై కూర్చుంది. నేను గ్రూపులో ఏమీ రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నేను మత్తు డాక్టర్ని. ఆయన ప్లాస్టిక్ సర్జన్. రాజమండ్రిలో ఒకే ఆపరేషన్ బల్లకి ఆ చివర ఆయన, ఈ చివర నేను, ఏళ్ళ తరబడి అలా గడిచింది. ప్లాస్టిక్ సర్జన్ అనగానే సినిమావాళ్ళ ముక్కులు గుర్తొస్తాయి జనానికి. ఆయన చేతికి ముక్కులు వచ్చింది తక్కువ. హైవే మీద బండి మీంచి పడ్డవాళ్ళ మోకాళ్ళు, కోత మిషన్లో పడ్డ చేతులు, కొబ్బరి పీచు మిల్లులో నలిగిన వేళ్ళు వచ్చేవి. ఎముక బయటపడ్డ చోట ఉత్త చర్మం తెచ్చి అతికిస్తే పట్టదు. పక్కనున్న చర్మాన్ని దాని కిందున్న మెత్తటి పొరతో సహా పలకలా లేపి, ఒక అంచు ఒంటికే ఉంచి, మిగతాదాన్ని తిప్పి గాయం మీద కప్పాలి. దాన్ని ఫ్లాప్ అంటాం. నెత్తురంతా ఆ ఉంచిన అంచులోంచే రావాలి. మొదట్లో బాగానే ఉంటుంది. కొసదాకా అందుతుందా అన్నదే భయం. అందకపోతే కొస నీలం తిరుగుతుంది, తరవాత నల్లబడుతుంది, ఆ తరవాత కోసి పారెయ్యాలి.

"మాది కాలువ చివరి శివారు ఊరండి," అనేవారు ఆయన. పుట్టిన ఊరి మాట అది; ఆయన ఉండేది ధవళేశ్వరంలో. ఓ ఆదివారం పొద్దున్న బ్యారేజీ దగ్గర కనబడితే కాలువ కేసి చెయ్యి చూపించి మరీ చెప్పారు. "ఇక్కడ గేటు దగ్గర నిలబడి చూస్తే గోదారి గోదారంతా మనదే అనిపిస్తుంది. మా ఊరి చేలోకి వచ్చేసరికి కాలువలో కప్పలే ఉండేవి. మా నాన్న పొద్దున్నే గట్టు మీద కూర్చుని కాలువలోకి చూస్తుండేవాడు. ఫ్లాపు కొస చూస్తే నాకు ఆయనే గుర్తొస్తాడు మేడమ్ గారూ."

ఆయన సొంత సంగతులు నాకు తెలిసినవి అంతే. మనిషికి ఉన్న అలవాట్లు మాత్రం ఊరంతటికీ తెలుసు.

అవతలివాళ్ళ చెయ్యి పట్టుకుంటే వదిలేవారు కాదు. బొటనవేలి గోరు నొక్కి తెల్లబడేలా చేసి, వదిలి, మళ్ళీ ఎర్రదనం ఎంత త్వరగా వస్తోందో చూసేవారు. పెళ్ళిలో అక్షింతలు వెయ్యడానికి వెళ్ళి పెళ్ళికొడుకు గోరు నొక్కడం నేను కళ్ళారా చూశాను. ఆ కుర్రాడు పాపం అదేదో ఆచారం అనుకుని రెండో చెయ్యి కూడా ఇచ్చాడు. మాట్లాడ్డానికి ఎవరూ దొరక్కపోతే తన గోరు తనే నొక్కుకుంటూ కూర్చునేవారు.

ఇంకోటి, ఏ పనికైనా ముందే వచ్చి కూర్చోవడం. రైలు వైజాగులో బయల్దేరకముందే ఈయన రాజమండ్రి స్టేషన్లో బెంచీ మీద ఉండేవారు. భోజనాల్లో మొదటి బంతిలో మొదటి విస్తరి ఆయనదే. మబ్బు పట్టక మునుపే రెయిన్‌కోటు తొడుక్కుని ఎండలో చెమటలు కక్కుతూ స్కూటరు మీద వచ్చేవారు. "ఏంటి సార్, వాన మీ ఇంట్లో పడిందా?" అని మేం ఏడిపిస్తే, "తడిశాక తొడుక్కుంటే ఏం లాభమండీ?" అనేవారు. నవ్వేవారు కాదు. ఆయనకది హాస్యం కాదు.

మాత్ర సంగతీ అంతే. నెత్తురుని సన్నటి నాళాల్లోంచి సాఫీగా జారనిచ్చే మాత్ర ఒకటుంది. వేరే జబ్బులకి ఎప్పట్నుంచో వాడుతున్నదే. దాన్ని ఫ్లాపు కొస బతకడానికి వాడొచ్చని ఈయన నమ్మకం. అయితే ఎప్పుడు? అక్కడే వచ్చేది గొడవంతా. కత్తి పెట్టడానికి కొన్నాళ్ళ ముందు నుంచే రోజూ వేసుకోవాలంటారు ఈయన. చర్మం లేపిన క్షణం నుంచే కొసకి నెత్తురు కరువు మొదలవుతుంది, ఆ కరువు వచ్చేనాటికి మాత్ర ఒంట్లో ఉండాలి, కొస చచ్చాక వేస్తే చచ్చినదాన్ని లేపుతుందా అని ఆయన వాదన. మిగతా సర్జన్లందరూ ఏం చేసేవారంటే, ఆపరేషన్ చేసి, కట్టు విప్పి, కొస నల్లగా కనబడగానే ఈయనకి ఫోన్ చేసేవారు.

"సార్, కొస కొంచెం డల్‌గా ఉందండి. మీ మాత్ర మొదలెట్టమంటారా?"

"నల్లబడ్డాకా?"

ఆ ఒక్క మాటని ఆయన అనే తీరు వార్డులో అందరికీ నోటికొచ్చు. రెండు కనుబొమ్మలూ పైకి లేచేవి, ఆఖర్న దీర్ఘం గాల్లో వేలాడేది. క్యాంటీన్లో దోసె మాడితే కూడా మా వార్డు బాయిలు ఆ గొంతు పెట్టి "నల్లబడ్డాకా?" అనుకుని పడీపడీ నవ్వేవారు. మాత్ర వెయ్యడం మాత్రం ఎవరూ ఆపరేషన్‌కి ముందుకి జరపలేదు. అది నాకు నవ్వులాటగా ఉండేది కాదు.

ఒకసారి డాక్టర్ల మీటింగులో ఈ విషయం మాట్లాడారు. చివర్న ఒక కుర్ర డాక్టరు లేచి, "బావుందండి, మీ పేషెంట్లలో దీనికి రుజువుందాండి?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. జంతువుల మీద జరిగిన పరీక్షలు కొన్ని ఆయన పక్షాన ఉంటే కొన్ని లేవు, మనుషుల సంగతి ఇంకా తేలలేదు. ఆయన వేదిక దిగి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"సార్, అసలు మీరు చెప్పేది నిజం కాకపోవచ్చు కూడా," అన్నాను మెల్లిగా.

"కాకపోవచ్చు," అన్నారు వెంటనే. "కాదని తేల్చడానికైనా ముందు ఎవరో ఒకరు వేసుకోవాలి కదా మేడమ్ గారూ! వేసుకున్నవాళ్ళనీ వేసుకోనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూద్దామంటే వేసుకున్నవాడు ఒక్కడు దొరకడు. నేను ఓడిపోడానికైనా ఒప్పుకుంటాను. ఆటే మొదలవ్వట్లేదు!"

ఆయన ఉక్రోషం నాకు పూర్తిగా అర్థమయింది మాత్రం కడియం అమ్మాయి వచ్చినప్పుడు.

కడియం నర్సరీలో పనిచేస్తుంది. మొక్కలు ఎక్కిస్తుంటే లారీ వెనక్కి వచ్చి కాలి మడమ వెనక చర్మమంతా ఒలిచేసింది. పిక్కని మడమకి కట్టే తాడులాంటి పెద్ద నరం బయటపడింది. అది ఎండిపోయి చచ్చిందా, ఇక ఆ పాదం ఆనించి సరిగా నడవలేదు. ఆ పిల్ల ఏడవలేదు, నొప్పి గురించి అడగలేదు. ఒకటే అడిగింది.

"నిలబడతానాండి? రోజంతా నిలబడే పనండి మాది."

"నిలబడతావమ్మా. నే చెప్పినట్టు చేస్తే," అన్నారు ఆయన.

పిక్క మీది చర్మం తిప్పి మడమ మీదికి తేవాలి. అంటే ఫ్లాపు కొస సరిగ్గా మడమ మీదే పడుతుంది. కొస పోతే మళ్ళీ నరం బయటికే. ఈ కేసులో మాత్రం మాత్ర ముందే పడాలని ఆయన పంతం పట్టారు. గాయం కడిగి, మంచాలు ఖాళీ లేక డ్రెస్సింగుకి ఇంటి నుంచి వచ్చి వెళ్ళమని, ఆపరేషన్ రోజు చెప్పి పంపించారు. మొగుడికీ అత్తగారికీ ఎదురుగా కూర్చుని చెప్పారు: ఇవాళ్టి నుంచే, రోజూ, ఆపరేషన్ దాకా. వాళ్ళు "ఆయ్, ఆయ్" అని తలూపారు. అదంతా నా బల్ల పక్కనే జరిగింది, నేనూ విన్నాను.

తరవాత జరిగింది మా దగ్గర తప్ప ఇంకెక్కడా జరగదేమో. మా వైపు ఆపరేషన్ అంటే ఇంటివాళ్ళు మందుల షాపుకి వెళ్ళి దూది, గ్లౌజులు, కుట్లు వేసే దారం, ఇంజక్షన్లు అన్నీ కొని, ఆ రోజున థియేటరు గుమ్మం దగ్గర అప్పజెప్పాలి. ఆపరేషన్ సామాను అంటారు. షాపువాడు ఈ మాత్రలు కూడా ఆ సంచీలోనే పడేశాడు. మధ్యలో డ్రెస్సింగుకి వచ్చినప్పుడు జూనియర్లు గాయం చూసి కట్టు కట్టారే గానీ మాత్రల ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆపరేషన్ రోజు అత్తగారు సంచీ తెచ్చి గుమ్మంలో ఆయన చేతికే ఇచ్చింది. సంచీకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఆయన విప్పి చూశారు. దూది, గ్లౌజులు, దారం. అడుగున మాత్రల అట్టలు. ఒక్క మాత్ర కూడా నొక్కి తియ్యలేదు. అట్ట అట్టకీ బొట్టు.

"ఇవి వెయ్యలేదా?" అన్నారు.

"ఎందుకేత్తామండి?" అంది అత్తగారు. "ఆపరేసన్ సామాను కదండి. తెచ్చింది తెచ్చినట్టు దేవుడి గూట్లో ఎట్టేమండి. రోజూ దణ్ణం ఎట్టుకున్నామండి. ఇంట్లో పిల్లల్ని కూడా ముట్టుకోనివ్వలేదండి, కావాలంటే సూసుకోండి."

ఆవిడ మొహంలో ఎంత తృప్తి! ఎంతో పదిలంగా అప్పజెప్పానన్న తృప్తి. ఆ మొహాన్ని తిట్టడం ఎవరి తరం? మొగుడు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఆ సంచీ పట్టుకుని థియేటర్లోకి వచ్చి, స్టూలు మీద కూలబడ్డారు. అంత గట్టిగా ఊపిరి వదలడం నేనెప్పుడూ వినలేదు.

"ఎవర్ననాలి మేడమ్ గారూ? చెప్పండి, ఎవర్ననాలి?"

"వాయిదా వేద్దామా సార్? మాత్రలు మన వార్డులోనే పెట్టి వేయిద్దాం," అన్నాను.

ఆయన లేచి కట్టు విప్పించి చూశారు. తెల్లగా మెరవాల్సిన నరం అంచుల్లో పసుపు తిరిగి పొడిబారుతోంది. మాత్ర పనిచెయ్యాలంటే రోజులు కావాలి. నరం దగ్గర ఆ రోజులు లేవు.

"ఆగదు. ఇవాళే కప్పెయ్యాలి," అన్నారు. "మత్తివ్వండి."

ఆ రోజు ఆయన చేసినంత ఒద్దికగా చెయ్యగా ఇంకెప్పుడూ చూడలేదు. చర్మాన్ని పట్టుకారుతో నొక్కితే ఎక్కడ నలుగుతుందో అని దారం వేసి లేపారు. కుట్లు వేశాక మడమ దగ్గర కొసని వేలితో తాకి, ఎర్రదనం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు. వచ్చింది. ఆలస్యంగా వచ్చింది.

మర్నాడు కొస నీలం తిరిగింది. ఆ తరవాత నలుపు. వార్డులోకి మేం వెళ్ళేసరికి మొగుడు మాత్రల అట్ట చేత్తో పట్టుకుని ఉన్నాడు. థియేటరు బయట బల్ల దగ్గర సిస్టరు తిరిగి ఇచ్చేసిందట, వాడలేదు కదా అని.

"ఇవి వాడలేదేంటండి?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"అవి ముందు వెయ్యాల్సినవయ్యా. ఇప్పుడు వేస్తే లాభం లేదు."

"లాభం లేనిదైతే ఎందుకు కొనమన్నారండి?"

నేను కల్పించుకుని చెప్పబోతే ఆయన చేత్తో ఆపారు. అత్తగారు మంచం పట్టె మీద చెయ్యి వేసి, "దేవుడి కాడ ఉన్న మాత్రండి. వాడకుండా పారేత్తే మంచిది కాదండి. పిల్లకి ఒక్కటేయించండి బాబు గారూ," అని బతిమాలింది.

మంచం మీద ఆ పిల్ల ఆయన వంకే చూస్తోంది. ఆ చూపులో ఉన్నది అదే పాత ప్రశ్న, నిలబడతానా అని. ఆయన అట్ట తీసుకున్నారు. బొట్టు పక్కన బొటనవేలు పెట్టి నొక్కి ఒక మాత్ర తీసి ఆ పిల్ల అరచేతిలో వేశారు. ఆమె కళ్ళకద్దుకుని మింగింది. ఇన్నేళ్ళూ ఊరందరి మీదా అరిచిన మనిషి, నల్లబడ్డాక, తన చేత్తో, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డారు. ఆ ఇంటివాళ్ళ మీద కోప్పడదామన్నా కోపం నిలవలేదు, ఎవరి మీద పెట్టుకోవాలో తెలియని కోపం అంతకన్నా బాధ.

నల్లబడ్డం ఏ ఫ్లాపులోనైనా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. నెత్తురు అందినంతమేర బతికి, అందని చోట చచ్చి, మధ్యలో ఒక గీత తేలుతుంది. ఈ పిల్లకి ఆ గీత నరం దాటి అంచులోనే తేలింది. నరం మీది చర్మం బతికింది. చచ్చిన కాస్త ముక్కా తీసేసి, తొడ నుంచి పలచటి పొర తెచ్చి అతికిస్తే పట్టింది. అది ఆయన చేతి ఒద్దిక అంటాను నేను. ఆయన్నడిగితే అదృష్టం అనేవారు. వార్డు మాత్రం ఒకే మాట మీద నిలబడింది: మాత్ర వేశారు, నలుపు ఆగింది.

అంతే, పాకిపోయింది. ఎక్కడెక్కడో ఆపరేషన్లు చేయించుకుని చర్మం నల్లబడ్డవాళ్ళు తుని నుంచీ పట్టిసీమ వైపు నుంచీ ఆటోల్లో దిగేవారు. "నల్లబడ్డాక వేత్తారంటండి, ఆ మాత్ర కోసం వచ్చామండి" అని. ఆయన ఒక్కొక్కరికీ మొదటి నుంచి వివరించేవారు. వాళ్ళు ఓపిగ్గా అంతా విని, "అయితే మాత్ర రాయండి" అనేవారు. ఆపరేషన్‌కి ముందు వేసుకోమంటే మాత్రం, జబ్బు లేకుండా మాత్రెందుకని అనుమానంగా చూసేవారు.

కట్లన్నీ విప్పేశాక ఒక రోజు కడియం అమ్మాయి ఓపీకి వచ్చింది, అత్తగారితో. ఎదురుగా ఉన్న ఒక్క స్టూలు మీదా అత్తగారు కూర్చుంది. ఆ పిల్ల గోడవార నిలబడింది. డాక్టరు ఎదుట కూర్చోవడానికి మా వైపు వాళ్ళు ఎలాగూ మొహమాటపడతారు.

"మీ మాత్రేనండి దాన్ని నిలబెట్టింది," అంది అత్తగారు, చేతులు జోడించి.

ఆ మాటతో ఆయన అంటుకున్నారు. అవతల ఓపీలో జనం కిక్కిరిసి ఉన్నారు, అయినా సరే. బల్ల మీద పెన్నూ పెన్ను మూతా పెట్టి, ఇది నెత్తురు వచ్చే దారి, ఇది కొస అని మొదలుపెట్టారు. మాత్ర ఎప్పుడు పడితే ఏమవుతుంది, ఎప్పుడు పడితే ఏమీ కాదు, వాళ్ళ గూట్లో అది ఉన్నన్నాళ్ళూ ఒంట్లో లేకపోవడం ఎంత అన్యాయం, నలుపు దానంతటదే ఆగింది తప్ప మాత్ర ఆపలేదు, ఈ మాట వాళ్ళ ఊళ్ళో అందరికీ చెప్పాలి. గొంతు పెరిగింది. చెయ్యి బల్ల మీద పడింది. అత్తగారు "ఆయ్... ఆయ్" అంటూ వింటోంది. ఒక్క ముక్క లోపలికి పోవడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. తలుపు దగ్గర నర్సు తల పెట్టి వెనక్కి తీసేసుకుంది. నేను రెండు మూడుసార్లు "సార్" అన్నాను, వినిపించుకోలేదు.

"అర్థమైందా? ఇప్పుడు చెప్పండి, ఎప్పుడు వెయ్యాలి?" అన్నారు చివరికి, రొప్పుతూ.

"తమరు ఎప్పుడెయ్యమంటే అప్పుడేనండి," అంది అత్తగారు భక్తిగా.

ఆయన నుదురు పట్టుకున్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పడేశారు. అలా తల ఎత్తినప్పుడు గోడవార ఉన్న పిల్ల కనబడింది.

"అదేంటమ్మా, ఇందాకట్నించీ నిలబడే ఉన్నావా? కూర్చో, కూర్చో."

ఆ పిల్ల ఒకసారి తన కాళ్ళ వంక చూసుకుంది.

"పర్లేదండి," అంది. "నెప్పేం లేదండి."